ఎన్‌కోడర్ ఎక్కడికి పోయింది?

కోడూరు మండలంలో హంసలదీవి దాటి ముందుకు వెళితే పాలకాయతిప్ప. మాఘ పౌర్ణమికి కృష్ణా సాగర సంగమంలో మునగడానికి వచ్చే జనంతో ఆ తీరం కిక్కిరిసిపోతుంది. మిగతా రోజుల్లో అలలు, ఇసుక, వేటకు వెళ్లి వచ్చే పడవలు, ఒక మెరైన్ పోలీసు స్టేషను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను పదేళ్ల వయసులో చూసినవారు ఇప్పుడు అరవైకి అటూ ఇటూగా ఉన్నారు. వాళ్ల నోటివెంట ఆ రోజు కథ రికార్డు చేయాలని ఆ చుట్టుపక్కల కుర్రాడొకడు పూనుకున్నాడనుకుందాం. అలల ముందు కుర్చీ వేసి ఒక తాతను కూర్చోబెట్టాడు. అరగంట మాట్లాడించాడు. ఫోన్‌లోని ఫైలును పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. దానిలో లినక్స్ ఉంది, వీడియో ఎడిటింగుకు కెడెన్‌లైవ్ ఉంది. రెండూ ఉచితం, రెండింటి సోర్సు కోడూ బహిరంగం.

ఫైలు చక్కగా ఆడింది. తాత దగ్గిన చోట్లు, ఎవరో పిలిచిన చోట్లు కత్తిరించాడు. పేరు పెట్టాడు. చివరికి రెండర్ నొక్కబోతే, కావలసిన వరుస ఎర్రగా మారి ఉంది: వీడియో కోడెక్‌కు మద్దతు లేదు, లిబ్‌ఎక్స్264. ఇదే పని టెర్మినల్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో చేయబోయి ఉంటే 'అన్‌నోన్ ఎన్‌కోడర్' అని ఒక్క ముక్కలో తేల్చి ఊరుకునేది.

ఇక్కడి నుంచి చాలామంది నడిచే దారి ఒకటే. ముందు ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. పోలేదు. లినక్స్‌నే మళ్లీ ఎక్కిస్తారు. పోలేదు. లాప్‌టాప్ పాతబడిందంటారు, ఉచితంగా వచ్చేది ఇంతేనంటారు, ఎవరి దగ్గరో ఉన్న దొంగ కాపీ ఎడిటర్ కోసం పెన్‌డ్రైవ్ పట్టుకుని బయల్దేరతారు. ఇందులో ఏదీ అవసరం లేదు. ఆ లాప్‌టాప్‌లో ఏదీ చెడిపోలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను కూర్చినవారెవరో, తెలిసే, ఒక భాగాన్ని బయట పెట్టారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిస్తే మరమ్మతు చిన్నది. తెలియకపోతే దానికి అంతుండదు.

ఇసుక తేలిక, అల కష్టం

ముందు అసలు వీడియోను కుదించి ఫైలుగా రాసే ఎన్‌కోడర్ ఎందుకో చూద్దాం. ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20,73,600. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పడానికి మూడు బైట్లు. సెకనుకు 30 చిత్రాలు. గుణిస్తే సెకనుకు దాదాపు 187 మెగాబైట్లు, నిమిషానికి 11 గిగాబైట్ల పైచిలుకు. 64 జీబీ మెమరీ కార్డు ఆరు నిమిషాల్లోపే నిండుతుంది. తాత ఇంకా ఉప్పెనకు ముందరి గాలి గురించే చెబుతూ ఉంటాడు. అరగంటకు 336 గిగాబైట్లు కావాలి. అదే అరగంటను సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఫోన్ నాలుగు గిగాబైట్లలోపే సర్దేస్తుంది. ఎనభై వంతులకు పైగా ఏమైపోయినట్టు?

కొంత మన కంటి బలహీనత మీద పోతుంది. మన కన్ను వెలుగునీడల్లో తేడాను పసిగట్టినంత నిశితంగా రంగులో తేడాను పట్టలేదు. అందుకని వెలుగును ప్రతి చుక్కకూ, రంగును నాలుగు చుక్కలకు ఒకసారి మాత్రమే రాస్తారు. అక్కడికే సగం బరువు తగ్గింది.

ఆపైన గణితం పని చేస్తుంది. చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని వెలుగును మెల్లగా మారే తరంగాలు కొన్ని, వేగంగా మారే తరంగాలు కొన్ని కలిసిన మొత్తంగా తిరగరాస్తారు. దీని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం. దీనిని ప్రతిపాదించిన పరిశోధన పత్రం 1974 జనవరిలో అచ్చయింది. దాని మీద మూడు పేర్లున్నాయి: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఈ మూడో పేరును విడదీస్తే కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరును తెలుగు పాఠకులకు వేరే పరిచయం చేయనక్కర్లేదు. 1952లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాల నుంచి పట్టా తీసుకుని అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2021లో మరణించారు. ఈ ఆలోచన మీద పని చేయడానికి 1972లో నాసిర్ అహ్మద్ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు రాశాడని ఆయనే తర్వాత గుర్తు చేసుకున్నారు. ఆ సులువైన ఆలోచనే జేపెగ్ ఫొటోల్లో ఉంది. పూర్ణాంకాల రూపంలో హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలోనూ ఉంది.

నున్నటి ఇసుక, మబ్బు లేని ఆకాశం ఉన్న గడికి మెల్లటి తరంగాలు రెండు మూడు చాలు. మిగతా సంఖ్యలన్నీ దాదాపు సున్నాలు, వాటిని వదిలేయవచ్చు. విరిగిన అల మీది నురగకు అలా కుదరదు. దానిలో ప్రతి చుక్కా పక్క చుక్కతో తగువు పడుతూ ఉంటుంది. వేగమైన తరంగాలన్నీ కావాలి, సున్నాలు తక్కువ, బైట్లు ఎక్కువ.

మూడోది అన్నిటికన్నా పెద్ద ఆదా. సెకనుకు 30 చిత్రాలున్నా వాటిలో కొత్త సంగతి తక్కువ. కుర్చీ కదలదు, ఇసుక కదలదు, తాత తల కాస్త ఊగుతుంది. కాబట్టి ప్రతి చిత్రాన్నీ మొదటి నుంచీ రాయకుండా, ఈ గడి కిందటి చిత్రంలో ఫలానా చోట ఉన్నదే, మూడు చుక్కలు కుడికి జరిగింది, అని మాత్రమే రాస్తారు. హెచ్.264లో అలా వెతికే గడి పదహారు చుక్కల పొడవు, పదహారు చుక్కల వెడల్పు. ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అలాంటివి 8,160. సెకనుకు 2,44,800 గళ్లకు పాత చిత్రాల్లో జత వెతకాలి. ఇక్కడా సముద్రమే మొండికేస్తుంది. నురగ ఒకసారి విచ్చుకున్నాక కిందటి చిత్రంలో దానికి జత ఉండదు. పాలకాయతిప్పలో తీసిన వీడియో, ఇంటి గదిలో గోడ ముందు తీసిన వీడియోకన్నా ఎన్‌కోడర్‌కు ఎన్నో రెట్లు బరువు. మాటలే ముఖ్యమైన రికార్డింగుకు సముద్రాన్ని వెనక పెట్టుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం. గాలి చప్పుడు గోల వేరే ఉంది.

ఆడించడం, తయారు చేయడం

ఫైలు ఆడుతోంది కదా, మరి ఎక్స్‌పోర్ట్ ఎందుకు కాదు? అందరూ అడిగే ప్రశ్న ఇది. చిక్కుముడి విడిపోయేది కూడా ఇక్కడే.

2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణ పత్రం వందల పేజీలు ఉంటుంది. అందులో ఎన్‌కోడర్ ఎలా పని చేయాలో రాసి ఉండదు. రాసిన ఫైలు ఏ రూపంలో ఉండాలి, దాన్ని డీకోడర్ ఎలా విప్పాలి అన్నంత వరకే ప్రమాణం. విప్పే పనికి ఒకటే సరైన జవాబు. చేసే పనికి లక్ష జవాబులు: ఏ గడికి ఎంతదూరం వెతకాలి, నురగలో ఎంత వదిలేయాలి, తాత ముఖానికి ఎన్ని బైట్లు మిగల్చాలి అన్నీ ఎన్‌కోడర్ రాసినవారి ఇష్టం, నేర్పు. పెడనలో బట్ట మీద కలంకారీ అచ్చు వేసే చేయి వేరు, టేకు చెక్కలో ఆ అచ్చును చెక్కే చేయి వేరు; మొదటిది తెలిసిన ఇంట్లో రెండోది ఉండాలని లేదు.

ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇవాళ ప్రపంచంలోని వీడియో ప్రోగ్రాముల్లో చాలావాటికి పునాది. కెడెన్‌లైవ్, షాట్‌కట్, ఓబీఎస్, హ్యాండ్‌బ్రేక్ దాని మీద ఆధారపడినవే. వీఎల్‌సీ కూడా దాని డీకోడర్లను వాడుకుంటుంది. ఆ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు హెచ్.264ను విప్పే డీకోడర్ సొంతంగా ఉంది. హెచ్.264ను తయారు చేసే ఎన్‌కోడర్ సొంతంగా లేదు. ఎప్పుడూ లేదు. ఆ పనికి అది బయటి సహాయం తీసుకోవాలి: వీడియోలాన్ ప్రాజెక్టు ఆధ్వర్యంలోని ఎక్స్264 (ఎర్ర వరుసలోని లిబ్‌ఎక్స్264 ఇదే), లేదా సిస్కో ఇచ్చే ఓపెన్‌హెచ్264, లేదా గ్రాఫిక్స్ కార్డులో ఉండే ప్రత్యేక చిప్పు. ఈ మూడింటిలో ఏదీ జతకాని ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీ ఫోన్ వీడియోను చక్కగా చూపిస్తుంది, తిరిగి అలాంటిది చేయమంటే చేతులెత్తేస్తుంది. ప్రోగ్రాము దృష్టిలో ఇందులో వైరుధ్యమేమీ లేదు.

ఎవరు తీసేశారు

జత చేయకపోవడానికి కారణాలు రెండు. జనం రెండింటినీ కలగలిపేసి మాట్లాడతారు గానీ, వాటి మూలాలు వేరు, వాటికి మందులూ వేరు.

ఒకటి లైసెన్సు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంటుంది. సోర్సు కోడు ఇవ్వని వాణిజ్య సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని షరతులతో దాన్ని వాడుకోవచ్చు. ఎక్స్264 జీపీఎల్ కింద ఉంటుంది. దాన్ని కలుపుకున్నదంతా జీపీఎల్ అవుతుంది. అందుకే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను కూర్చేటప్పుడు రెండు మాటలు విడివిడిగా చెప్పాలి: జీపీఎల్‌కు ఒప్పుకుంటున్నాను, ఎక్స్264ను కలుపు. రెండోది చెప్పి మొదటిది మరిచిపోతే, జీపీఎల్‌కు అనుమతి ఇవ్వలేదు కదా అంటూ కూర్పు అక్కడే ఆగిపోతుంది. తమ కూర్పు ఎవరైనా ఎక్కడైనా వాడుకునేలా ఉండాలనుకునేవారు ఎక్స్264ను వదిలేస్తారు. పైతాన్‌లో ఓపెన్‌సీవీ వాడే ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ దెబ్బ బాగా తెలుసు. పిప్‌తో దింపుకున్న ఓపెన్‌సీవీలో ఎల్‌జీపీఎల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటుంది. హెచ్.264లో వీడియో రాయమంటే 'కోడెక్ ఐడీ 27కు ఎన్‌కోడర్ దొరకలేదు' అంటుంది. 27 అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లెక్కలో హెచ్.264. విద్యార్థి తన కోడులో తప్పు వెతుక్కుంటూ రాత్రంతా గడుపుతాడు. తప్పు కోడులో లేదు.

రెండోది పేటెంటు. హెచ్.264లోని ఉపాయాల మీద అనేక కంపెనీలకు పేటెంట్లు ఉన్నాయి. వాటి తరఫున ఎంపెగ్ ఎల్ఏ అనే సంస్థ రుసుములు వసూలు చేసేది. 2023లో అది వయా అనే సంస్థలో కలిసింది. ఎక్స్264 సోర్సు కోడు ఉచితమే, కానీ పేటెంటు ఉన్న దేశంలో ఆ ప్రోగ్రామును పంచిపెట్టే కంపెనీకి చిక్కు రావచ్చు. అమెరికన్ కంపెనీ రెడ్ హ్యాట్ అండ ఉన్న ఫెడోరా లినక్స్ అందుకే చాలా ఏళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే దగ్గరికి రానివ్వలేదు. 2022లో ఫెడోరా 36తో రానిచ్చింది గానీ, చిక్కున్న భాగాలు తీసేసి 'ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీ' అని పేరు పెట్టింది. అదే ఏడాది ఏఎండీ గ్రాఫిక్స్ కార్డుల ద్వారా హెచ్.264, హెచ్.265 పని చేసే దారినీ మూసేసింది. నిన్నటిదాకా నడిచిన ఎన్‌కోడర్ అప్‌డేట్ తర్వాత మాయమైందని గగ్గోలు పుట్టింది. తీసినవారు దాచిపెట్టి తీయలేదు, చెప్పే తీశారు. అప్‌డేట్ నొక్కేవాళ్లం మనమే ఆ ప్రకటనలు చదవం.

సిస్కో చూపిన దారి విచిత్రమైనది. 2013 అక్టోబరులో ఆ కంపెనీ ఓపెన్‌హెచ్264ను ప్రకటించింది. సోర్సు కోడు అందరికీ ఇస్తుంది. పేటెంటు రుసుము తానే కడుతుంది. కానీ ఆ రుసుము వర్తించేది సిస్కో తయారు చేసిన ప్రోగ్రామును సిస్కో నుంచే దింపుకుంటే. అదే కోడు నుంచి మీరు సొంతంగా కూర్చుకుంటే వర్తించదు. అక్షరం అక్షరం ఒకటే అయిన రెండు ప్రోగ్రాముల్లో ఒకదానికి రుసుము కట్టినట్టు, ఇంకోదానికి కట్టనట్టు! ఫైర్‌ఫాక్స్ దీన్ని వీడియో కాల్స్ కోసం అలాగే దింపుకుంటుంది. నాణ్యతలో ఎక్స్264 దీనికన్నా చాలా ముందుంది. సముద్రం ముందు తీసిన వీడియోలో ఆ తేడా కంటికే తెలుస్తుంది.

మన దేశంలో సంగతి? భారత పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) గణిత పద్ధతులను, అల్గోరిథంలను, కంప్యూటర్ ప్రోగ్రామును దానికదిగా పేటెంటుకు అర్హమైనవాటిగా ఒప్పుకోదు. 2004 డిసెంబరులో తెచ్చిన ఆర్డినెన్సు ఆ తలుపును కొంత తెరవబోయింది. దేశంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులు గట్టిగా వ్యతిరేకించారు. 2005లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ మార్పు మిగల్లేదు.  అయితే పరికరంతో కలిసిన ఉపాయాల సంగతి వేరు, దాన్ని ఒక్క సెక్షన్ తేల్చదు. దివిసీమలో తాత మాటల్ని ఫైలుగా మార్చే కుర్రాడి మీద ఇందులో ఏదీ పడదు. కానీ అతని లాప్‌టాప్‌లో ఏముండాలో, ఏముండకూడదో మాత్రం వేరే ఖండపు పేటెంటు చట్టాన్ని చూసి ఎవరో నిర్ణయించారు.

వెతకడం

టెర్మినల్ తెరిచి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని పేరు మాత్రం రాసి ఎంటర్ నొక్కండి. ఏ పనీ చెప్పకపోయినా అది తన వివరాలు వెళ్లగక్కుతుంది. వాటిలో 'కాన్ఫిగరేషన్' అని మొదలయ్యే పొడుగాటి వరుస ఉంటుంది. అందరూ దాటేసే వరుస అదే. రోగి జాతకమంతా దానిలోనే ఉంటుంది. దాన్ని కూర్చినవారు వేటిని కలిపారో ఒక్కొక్కటిగా అక్కడ రాసి ఉంటుంది. 'ఎనేబుల్' పక్కన లిబ్‌ఎక్స్264 కనిపించకపోతే ఇక ప్రోగ్రామును పదిసార్లు తీసి పెట్టినా ప్రయోజనం లేదు. వేరే కూర్పు తెచ్చుకోవాలి.

ఇంకా తేటగా చూడాలంటే, పేరు పక్కన హైఫన్ పెట్టి 'కోడెక్స్' అని రాయండి. వందలాది వరుసల జాబితా వస్తుంది. ప్రతి వరుసకూ ముందు రోమన్ అక్షరాల గుత్తి ఉంటుంది. మొదటి స్థానంలో 'డి' ఉంటే విప్పగలదు, రెండో స్థానంలో 'ఇ' ఉంటే తయారు చేయగలదు. అక్షరం బదులు చుక్క ఉంటే ఆ విద్య లేదు. హెచ్.264 వరుసలో 'డి' ఉండి, 'ఇ' స్థానంలో చుక్క ఉందంటే, ఆడుతుంది గానీ ఎక్స్‌పోర్ట్ కాదన్న ఫిర్యాదుకు అంతకన్నా చిన్న జవాబు ఉండదు. 'ఇ' ఉంటే వరుస చివర ఏ ఏ ఎన్‌కోడర్లు ఉన్నాయో పేర్లూ ఉంటాయి.

జాబితాలో అన్నీ ఉన్నా కెడెన్‌లైవ్ మాత్రం లేదంటుంటే, ఆ యంత్రంలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒకటి కాదు, రెండో మూడో ఉన్నాయని అర్థం. ఇది నేటి కాలపు రోగం. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ రూపాల్లో వచ్చే ప్రోగ్రాములు తమ లైబ్రరీలను తామే మోసుకొస్తాయి. మీరు సిస్టంలో ఎక్కించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాటి కంటికి ఆనదు. ఫైలును ఆడించింది వీఎల్‌సీ, తయారు చేయమన్నది కెడెన్‌లైవ్‌ను; రెండింటి అడుగునా ఉన్నది ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఫ్లాట్‌ప్యాక్‌లోనైతే కోడెక్‌లు ఒక పొడిగింపుగా విడిగా వస్తాయి, అది దిగిందో లేదో చూసుకోవాలి.

ఫెడోరా వాడేవారు 2008లో మొదలైన ఆర్‌పీఎం ఫ్యూజన్ భాండాగారాన్ని జోడించి, ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీని తీసి దాని స్థానంలో పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను పెట్టుకుంటే సరిపోతుంది. ఓపెన్‌సూసేకు ప్యాక్‌మన్ అనే భాండాగారం ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ఇవాళ మామూలు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్యాకేజీలోనే ఎక్స్264 ఉంటుంది. 'ఇవాళ' అన్నది గమనించాలి. 2011లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ రూపకర్తలు రెండుగా చీలి, ఒక వర్గం లిబావ్ పెట్టుకుంది. డెబియన్, ఉబుంటు కొన్నాళ్లు ఆ పక్షాన నిలిచాయి. ఉబుంటు 14.04లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్న ప్యాకేజీయే లేదు, ఏవీకాన్వ్ వాడమనేవారు. 2015లో తిరిగి వచ్చింది. ఆ కాలంలో రాసిన సలహాలు, అప్పటి ప్యాకేజీ పేర్లతో సహా, ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సలహా ఏ ఏటిదో చూడకుండా పాటిస్తే లేని ప్యాకేజీ కోసం వెతుకుతూ కూర్చుంటారు.

జాబితాలో పేరుండి పని చేయనివి ఇంకో రకం. ఎన్విడియా చిప్పుతో పని చేసే ఎన్‌వెంక్ ఎన్‌కోడర్ పేరు, ఆ కార్డే లేని లాప్‌టాప్‌లో కూడా జాబితాలో ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఆ భాష వచ్చునని మాత్రమే ఆ పేరు చెబుతుంది. ఎదురుగా మాట్లాడే చిప్పు, సరైన డ్రైవరు ఉన్నాయని కాదు. డ్రైవరు పాతదైతే అదీ లేనట్టే. ఇంటెల్, ఏఎండీ చిప్పుల విషయంలో, ఆ పరికరాన్ని ముట్టుకునే అనుమతి మీ యూజర్ ఖాతాకు లేకపోవడం తరచూ జరుగుతుంది.

ఎన్‌కోడర్ లేదనిపించి, నిజానికి ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 'ఎన్‌కోడర్‌ను తెరవడంలో లోపం' అన్న మాట వస్తే లోపం చాలావరకు కొలతల్లో ఉంటుంది. అంచులు కత్తిరించి ఎత్తును 1079 చేశారనుకోండి. రంగును రెండేసి వరుసలకు కలిపి రాస్తారు కాబట్టి బేసి సంఖ్య కుదరదు. ఎత్తు రెండుతో భాగించబడదని ఎక్స్264 మొండికేస్తుంది. ఒక వరుస తగ్గించి 1078 చేస్తే అయిపోయే పని. లోపం సందేశంలో చివరి వరుస మాత్రమే చదివినవారికి ఇది తెలియదు. అసలు కారణం దానికి రెండు మూడు వరుసల పైన ఉంటుంది.

మాట్లాడకుండా మోసం చేసేది

ఎర్ర అక్షరాలు చూపించే ప్రోగ్రాము మంచిది. భయపడాల్సింది ఊరకుండే దానికి. ఎక్స్264 లేని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు, ఏ ఎన్‌కోడరో చెప్పకుండా, ఈ ఫైలును ఎంపీ4గా మార్చు అని మాత్రమే చెప్పి చూడండి. తప్పని చెప్పదు. హెచ్.264 కన్నా ముందు తరానికి చెందిన ఎంపెగ్-4 పార్ట్ 2 అనే పాత పద్ధతికి దిగిపోతుంది, ఎందుకంటే దానికి మాత్రం సొంత ఎన్‌కోడర్ ఉంది. పైగా బిట్‌రేటు చెప్పకపోతే సెకనుకు 200 కిలోబిట్లు అన్న ఏనాటి అంకెనో తీసుకుంటుంది. ఫోన్ ఇచ్చిన 17 మెగాబిట్లెక్కడ, ఈ 200 కిలోబిట్లెక్కడ? ఫైలు తయారవుతుంది, పేరు చివర ఎంపీ4 అనే ఉంటుంది. తెరిస్తే సముద్రం గళ్లు గళ్లుగా, తాత ముఖం మరకలుగా ఉంటుంది. బ్రౌజర్‌లో చూద్దామంటే క్రోమ్ ఆ పద్ధతిని ఆడించదు. కెమెరా బాగోలేదనుకుని ఫోన్ మార్చినవారు కూడా ఉంటారు. ఇలాంటి మర్యాదపూర్వకమైన మౌనం సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా చెడ్డ గుణమని నేననుకుంటాను. అందుకే ఎన్‌కోడర్ పేరు ఎప్పుడూ మీరే చెప్పండి. ఉంటే చేస్తుంది, లేకపోతే లేదని మొహం మీదే చెబుతుంది.

తెలుగువాళ్లకు మాత్రమే తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది. ఎన్‌కోడర్ కాకపోయినా దాని సోదరి. వీడియో మీద 'కృష్ణా సాగర సంగమం, పాలకాయతిప్ప' అని అక్షరాలు వేయాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆ పని చేసే భాగం పేరు డ్రాటెక్స్ట్. చాలా ఏళ్లు అది ఫాంటులోని బొమ్మల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మాత్రమే చేసేది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు వత్తు కిందికి దిగాలి, గుణింతం అక్షరంతో కలిసిపోవాలి. ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. అది లేనప్పుడు 'ష్ణ' విడిపోయి, 'ప్ప' వత్తు పక్కకు జరిగి, పొల్లులతో నిండిన పేరు తెర మీద పడేది. 2023 చివర వచ్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ 6.1 నుంచి డ్రాటెక్స్ట్‌కు హార్ఫ్‌బజ్ తప్పనిసరి చేశారు. దానితో తెలుగు చక్కబడింది, కొత్త తలనొప్పీ వచ్చింది: హార్ఫ్‌బజ్ కలపకుండా కూర్చిన కొత్త ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో డ్రాటెక్స్ట్ అన్నదే ఉండదు. మళ్లీ అదే కాన్ఫిగరేషన్ వరుస, మళ్లీ అదే వెతుకులాట. వంకర తెలుగు చూపించడంకన్నా అసలు లేదని చెప్పడమే నయం.

కొత్త కూర్పు తెచ్చుకునే వీలు లేక, నెట్ సరిగా అందక, పని మాత్రం ఈ రాత్రికే కావాలంటే రూపకర్తలు రుసుము అడగని దారులున్నాయి. 2010లో గూగుల్ అందరికీ ఇచ్చిన వీపీ8, దాని తర్వాతి వీపీ9లకు లిబ్‌వీపీఎక్స్ ఎన్‌కోడర్ దాదాపు అన్ని కూర్పుల్లోనూ ఉంటుంది. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా తక్కువ బైట్లలో ఇంకా మంచి చిత్రం ఇస్తుంది గానీ పాత లాప్‌టాప్ మీద నత్తనడక. పాత ఫోన్లు కొన్ని దాన్ని విప్పలేవు కూడా. ఊరందరి ఫోన్లలో ఆడాలంటే ఇప్పటికీ హెచ్.264దే పైచేయి. ఒక్క చుక్క కూడా పోకుండా దాచే ఎఫ్ఎఫ్‌వీ1 అన్న పద్ధతికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో సొంత ఎన్‌కోడరే ఉంది. 2021లో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 9043గా నమోదు చేశారు. ఇంట్లో పాడైపోతున్న వీహెచ్ఎస్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి అది తగిన పద్ధతి. ఫోన్‌లో తీసినదాన్ని దానిలోకి మార్చడం మాత్రం దండగ. ఫోన్ ఒకసారి వదిలేసిన నురగ మళ్లీ రాదు, ఫైలు మాత్రం ఎన్నో రెట్లు ఉబ్బుతుంది.

పెద్దల మాటలు రికార్డు చేస్తున్నవారికి రెండు విన్నపాలు. సాయం అడిగేటప్పుడు తెర ఫొటో పంపకండి. ఆ కాన్ఫిగరేషన్ వరుసతో సహా మొత్తం పాఠాన్ని కాపీ చేసి పంపండి, తెలిసినవారు నిమిషంలో చెబుతారు. ఎడిట్ చేసిన వీడియో ఎంత బాగా వచ్చినా ఫోన్ ఇచ్చిన అసలు ఫైలును చెరపకండి, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. 1977ను కళ్లారా చూసినవారిని మళ్లీ కూర్చోబెట్టి చెప్పించుకునే అవకాశం ఏటేటా తగ్గుతోంది.